ఏడో రాయి దగ్గర వణుకు

నమోదు 41

షెడ్డు పుస్తకంలో బండి సంగతులు మాత్రమే రాయాలని కుళ్ళాయప్ప మామ మొన్న మళ్ళీ చెప్పినాడు. గుట్ట లోపలున్న మా ఊరికి ఆయనే పెద్ద, ఆయన మాట తీసెయ్యకూడదు. కానీ పెన్ను నా చేతిలో ఉంది కదా. బండి సంగతి రాయాలంటే దాన్ని నడిపేదాని సంగతి రాయాల, దానికి సంగటి వండిపెట్టే మనిషి సంగతీ రాయాల. నచ్చకపోతే చదవద్దు మామా.

నడిపేది చౌడి, నా ఆడపడుచు. వండేది దాని అన్న మద్దిలేటి, నా మొగుడు. బాగుచేసేది నేను, సుంకమ్మ. బండి పేరు మిడత. పాతకాలపు స్పోర్ట్స్ కారు, నా నడుమెత్తు కూడా ఉండదు, ఇంజను వెనకుంటుంది, జొన్న సారా తాగి నడుస్తుంది. మైదానం మీద గోడలాగ లేచొచ్చే ఎర్ర దుమ్మును మేము ఎర్రగోడ అంటాం, దాంట్లో నిప్పురవ్వలు పుట్టడం మొదలైనాక కంప్యూటరు చిప్పులున్న బండ్లన్నీ ఒక్కొక్కటే చచ్చిపోయినాయి. మిడతకు మెదడు లేదు కాబట్టి బతికింది. చౌడి కూడా అందుకే బతికిందని నేనంటే, అది స్పానరు తీసుకుని నా ఎంటబడింది.

ఈ పొద్దు సందులో అది తిరిగొచ్చింది. ఒక గోడ పోయి ఇంకో గోడ పడేలోపల దుమ్ము విడిపోయే ఆ కాస్త సేపే సందు. ఒక సందులో మైదానం దాటి అవతల ఊరికి పోవాల, ఇంకో సందు దొరికేదాకా ఆడనే ఉండి తిరిగి రావాల. పోయేటప్పుడు చౌడి నడుముకు కొర్ర విత్తనాల సంచి కట్టుకుని పోతుంది. వచ్చేటప్పుడు పక్కసీట్లో డ్రమ్ము ఉంటుంది, దాంట్లో విత్తనాలకు మారుగా వాళ్ళిచ్చిన నీళ్ళు వడగట్టే పొరలు. ఆ పొరలు లేకుంటే మా బోరు నీళ్ళకు పిల్లోళ్ళ పళ్ళు పచ్చబడి, మోకాళ్ళు వంకరపోతాయి. ఇప్పటికే పోతాండాయి.

దిగంగానే నీళ్ళు కూడా అడగలేదు. "వదినా, పోయేటప్పుడు బండి వణికింది" అనింది.

"యాడ?"

"ఏడో మైలురాయి దగ్గర. స్పీడు ముల్లు మైదానంలో మొదటిసారి రెండొందలు తాకింది. ముందు స్టీరింగు ఊరికెనే తేలికైపాయ. దాని ఎనకాలే తోక ఇటొకసారి, అటొకసారి."

"వచ్చేటప్పుడో?"

"వచ్చేటప్పుడు ఏమీ లేదు. పరుపు మీద పండుకున్నట్టు వచ్చినా."

వేగం తగ్గించి పోవే అనడానికి లేదు. సందు కురచబడతాంది. దానికి లెక్క మద్దిలేటి పొయ్యి. సందు మొదలవంగానే ఎసరు పెడతాడు. పెండ్లయిన కొత్తలో ఆయన సంగటి గెలికి, ముద్ద చేసి, తిని, చెయ్యి కడుక్కున్నాక గోడ పడేది. ఇప్పుడు ఎసరు పొంగి పిండి పోసేలోపలే పడతాంది. అందుకే పోయిన ఏడాది నేను ఇంజను పెద్దది చేసినా, దాని దాహానికి వెనక పెద్ద ట్యాంకు పెట్టినా, గాదె రేకు కోసి తోక మీద రెక్క బిగించినా. ఇంత చేసి, అది వణుకుతాంది అంటే నాకు కడుపు మండదా?

నమోదు 42

చక్రాలతో మొదలుపెట్టినా. నాలుగూ విప్పి, ఇరుసుకు తగిలించి తిప్పి, తేలిగ్గా ఉన్న పక్క సీసం ముక్కలు అంటించినా. బేరింగులు చేత్తో ఆడించినా, చప్పుడు లేదు. స్టీరింగు కడ్డీల చివర్లు గట్టిగానే ఉన్నాయి. షాకబ్జర్ల కోసం మూలమూలకూ ఎక్కి దూకినా, బండి ఒకసారి లేచి గమ్మున కుదురుకుంది.

తర్వాత నూలుదారం. బండి చుట్టూ నాలుగు గూటాలు నిలబెట్టి, దారం బిగించి కట్టి, ఒక్కో చక్రం ముందంచు దారానికి ఎంత ఎడముంది, వెనకంచు ఎంత ఎడముంది అని చూసుకుంటా పోవాల. నడుం పడిపోయే పని. ముందర ఎడమ చక్రం గోరంత బయటికి చూస్తాంది. దొరికితివి కదే దొంగముండా అని సరిచేసినా.

"దొరికిందా వదినా?" అనింది చౌడి.

"దొరికింది."

"నా మీద ఒట్టు?"

"నీ మీద ఒట్టేస్తే నువ్వు పోతావు, తర్వాత ఎవరు నడుపుతారు? పో, పోయి సారా వడగట్టు."

నవ్వింది గానీ, ఆ గోరంత వంకరకు అంత వణుకు రాదని దానికీ తెలుసు, నాకూ తెలుసు.

నమోదు 43

మా షెడ్డులో ఒక కట్టుబాటుంది. ఏ బండైనా బిగించినోళ్ళే పక్కసీట్లో కూర్చుని మొదటి పరుగు పోవాల. మా అమ్మ కాలం నుంచీ ఉండేదే. తన ప్రాణం కూడా ఆ నట్టు మీదే ఉందంటే ఎవరి చెయ్యీ వదులుగా బిగించదు. ఇది తప్పినోళ్ళను మళ్ళీ షెడ్డులోకి రానియ్యరు.

గుట్ట చాటున గోడ తగలని రోడ్డు ముక్క ఒకటుంది. చిన్నదే గానీ కొసకు పోయేసరికి ముల్లు రెండొందలు దాటుతుంది. బెల్టు కట్టుకుని చౌడి పక్కన కూర్చున్నా. నేను బక్క మనిషిని కాదు, ఆ సీట్లో దిగేటప్పుడూ లేచేటప్పుడూ అది నన్ను చూసి నవ్వకుండా ఉండదు.

రెండొందలు. రెండొందల పది. ఒళ్ళో చెంబు పెట్టుకున్నా నీళ్ళు తొణికేటివి కాదు. మళ్ళీ పోయినాం, మళ్ళీ అంతే. సుఖంగా నిద్దరొచ్చింది నాకు.

"ఏమే, యాడుందే నీ వణుకు?"

చౌడి స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. "నువ్వుంటే బండి కూడా నీ నోటికి జడుసుకుని గమ్మునుంటాది" అనింది. తర్వాత మెల్లగా, "ఒక్కసారి నన్నొక్కదాన్నే పోనీ వదినా" అనింది.

"కట్టుబాటు తెలుసు కదా. పక్కన నేను లేకుండా నా చేతి బండి కదలదు."

"మైదానంలో కదుల్తాంది కదా."

"అది పని. ఇది పరీక్ష. మైదానంలో తేలిగ్గా పోవాల, ఒక్క మనిషి బరువు తగ్గితే అంత వేగం. పైగా అవతల వాళ్ళు నీళ్ళు ఒక్కరికే ఇస్తారు." ఇంత వివరంగా చెప్పి, పెద్ద తెలివైనదాన్ని అనుకుంటా దిగినా.

నమోదు 44

రాత్రంతా ఆలోచించి గాలి అనుకున్నా. పోయేటప్పుడు పడమటి గాలి ఎడమ పక్క తగుల్తుంది, వచ్చేటప్పుడు కుడి పక్క. ఎడమ పక్కన ఇంజను మూత బయటికి ఉబ్బి ఉంటుంది కాబట్టి గాలి దాన్ని పట్టుకుని తోక ఊపుతాంటుంది. మద్దిలేటికి చెప్పినా. ఆయన పొయ్యి ఊదుకుంటా, "నాకేం తెలుసే, నువ్వు చెప్తే నిజమే" అన్నాడు. ఇట్లాంటి మొగుడు ఉంటే ఆడదాని తెలివి యాడ పెరుగుతుంది?

తోక ఊగుతాంది కాబట్టి తోకను నొక్కాల. వెనక రెక్కను ఇంకా నిటారుగా లేపి బిగించినా. గాలి దాన్ని కిందికి తోస్తే వెనక చక్రాలు రోడ్డును వదలవు. నేను పక్కన కూర్చుని మళ్ళీ గుట్ట చాటున పరుగు తీసినాం. బండి ఊగనే లేదు. చౌడి కూడా "బాగుంది" అనింది. దాని ముఖంలో రంగు తిరిగొచ్చింది.

సందు దొరికింది, చౌడి పోయింది. బండి తలుపు మూసేముందు చెయ్యూపింది.

నమోదు 45

వచ్చింది. ప్రాణంతో వచ్చింది.

పోయేటప్పుడు రెండొందలు కూడా కాకముందే వణుకు పట్టుకుందంట. స్టీరింగు చేతిలో ఉందో ఊడిందో తెలీలేదంట. బండి రోడ్డుకు అడ్డం తిరగబోతే కాలు తీసేసి, వేగం తగ్గించి, ఏడుస్తా పోయిందంట. అవతల ఊరి గుట్ట తలుపు మూసుకునేటప్పుడు గోడ వచ్చి తోక తాకింది. వెనక రెక్క మీద రంగు లేదు, రేకు తెల్లగా తోమినట్టుంది. చౌడి భుజం మీద బెల్టు కోసిన మచ్చ నల్లగా ఉంది. వచ్చేటప్పుడు మాత్రం డ్రమ్ముతో హాయిగా వచ్చింది, ఎప్పట్లాగే.

నేను వణుకు తగ్గించబోయి పెంచినా. ఎందుకో తెలీదు. అది నన్ను తినేస్తాంది.

కుళ్ళాయప్ప మామ షెడ్డుకు వచ్చినాడు. "సుంకమ్మా, నువ్వు పక్కన కూర్చుంటే రానిది, అది ఒక్కతే ఉంటే వస్తాంది. బండికి రోగం లేదు. పిల్లకు భయం పట్టింది. ఇంకొకరిని చూద్దాం."

"ఇంకొకరు ఎవరున్నారు మామా? ఆ వేగానికి నా చెయ్యి కూడా నిలబడదు."

"అయితే నువ్వే చెప్పు, ఏమైంది?"

నేను స్పానరు తీసుకుని చక్రం వైపు తిరిగినా. చౌడి మూల కూర్చుని వింటాంది. ఆయన పోయినాక నా దగ్గరికొచ్చి, "నువ్వు కూడా అట్లనే అనుకుంటాండావా వదినా?" అని అడిగింది. కాదే అని అప్పటికప్పుడు అనుంటే సరిపోయేది. నేను రవంత ఆలోచించినా. ఆ రవంత సేపూ అది నా ముఖం చూస్తానే ఉంది. ఆ పూట సంగటి ముట్టలేదు. మద్దిలేటి శెనక్కాయల ఊరిబిండి నూరి బతిమిలాడినా ముట్టలేదు.

నమోదు 46

చౌడి అబద్ధం చెప్పదు. భయం అంటే ఏందో తెలిస్తే ఈ పని చేస్తుందా? భుజం మీద మచ్చ భయానికి రాదు. మరి గాలే అయితే గాలిని కళ్ళతో చూడాల.

ఏడో రాయి దగ్గర రోడ్డు కింద పాత మోరీ ఒకటుంది, మనిషి పండుకునేంత. గోడ పలచబడేటప్పుడు బండి నడపలేం గానీ, మూతికి గుడ్డ కట్టుకుని, మైలురాళ్ళకు కట్టిన తాడు పట్టుకుని ఆడిదాకా నడిచి పోవచ్చు, దాని అవతల తాడు లేదు, నడిచి బతికినోళ్ళూ లేరు. చౌడి కంటే ముందు బయల్దేరి ఆడికి పోతా. కర్రలకు చీరముక్కలు కట్టి రోడ్డు పక్కన గుచ్చుతా. ఏ పక్క గాలి కొడతాందో, బండి వచ్చినప్పుడు ఏమవుతాందో చూస్తా. తర్వాత గోడ పడితే మోరీలో దూరి, అది తగ్గినాక తాడు పట్టుకుని వస్తా.

"నీకు పిచ్చి పట్టింది" అన్నాడు మద్దిలేటి. చౌడి మాత్రం గుడ్డముక్కలు చించుకోమని తన పాత పరికిణీ తెచ్చి ఇచ్చింది.

మోరీలో పండుకుని ఈ ముక్క రాస్తాండా: వచ్చేటప్పుడు ఆయనకు సరిగ్గా చెప్పి రాలేదు. పుస్తకం నడుముకు చెక్కుకుని, "పొయ్యి ఆర్పొద్దు, చీకటి పడేలోపల వస్తా" అని మాత్రం చెప్పినా.

నమోదు 47

ఇది అవతల ఊరిలో రాస్తాండా. జరిగింది జరిగినట్టే రాస్తా.

మోరీ మూతి దగ్గర పొట్ట మీద పండుకున్నా. సందు తెరుచుకుంది. కర్రల మీది గుడ్డలు ఒక్కటీ కదల్లేదు. గాలి లేదు. ఏ పక్కా లేదు. నా గాలి కథంతా ఆడనే తుస్సుమనింది.

అప్పుడు మిడత శబ్దం వినపడింది. నా కండ్లు రోడ్డుతో సమానంగా ఉన్నాయి కాబట్టి బండి అడుగు కనపడతాంది. దగ్గరికొచ్చేకొద్దీ ముక్కు లేస్తాంది. మెల్లగా, ఊపిరి పీల్చుకున్నట్టు లేస్తాంది. ముందు చక్రాలకూ రోడ్డుకూ మధ్య వెలుతురు కనపడింది. వెలుతురు! చక్రాలు రోడ్డు మీద లేనే లేవు, తాకీతాకనట్టు దొర్లుతాండాయి. తోక మాత్రం నేలకు అతుక్కుని ఉంది, ముక్కు గాల్లో ఇటూ అటూ వెతుక్కుంటాంది.

ఒక్కసారిగా అంతా అర్థమైంది. రోగం తోకది కాదు, ముక్కుది. వెనక ఇంజను, వెనక ట్యాంకు, ఆపైన తోకను తొక్కే రెక్క. తోకను నేను నొక్కేకొద్దీ ముక్కు లేచింది. ముక్కు లేస్తే కిందికి గాలి దూరి ఇంకా లేపుతుంది. వచ్చేటప్పుడు పక్కసీట్లో డ్రమ్ము ఉంటుంది. పరీక్షలో పక్కసీట్లో నేనుంటా. ఆ సీటు ముందుకుంది కాబట్టి ఆ బరువు ముక్కును కింద పట్టి ఉంచుతుంది. పోయేటప్పుడు మాత్రం ఖాళీ. అయ్యో, రోగాన్ని అణిచిపెట్టేది నేనే, నాకెట్ల కనపడుతుంది అది?

చౌడి కాలు తీసినట్టుంది, ముక్కు దబ్బున కిందపడింది, బండి గిర్రున తిరిగి రోడ్డు దిగి అడ్డంగా ఆగింది. నేను పరిగెత్తినా. ఈ ఒళ్ళుతో నేను అట్ల పరిగెత్తగలనని నాకే తెలీదు.

చౌడి స్టీరింగు పట్టుకుని రాయిలాగ కూర్చుంది. నన్ను చూసి, "చూసినావా? చూసినావా వదినా?" అని ఏడ్చింది.

"చూసినానమ్మా. నీ తప్పు కాదు. నీది ఏ తప్పూ లేదు. తలుపు తియ్యి."

"వెనక్కి పోదామా?"

వెనక్కి పోతే పొరలు లేవు, ఊర్లో ఉన్న పొరలు ఆఖరివి. రాళ్ళు ఏరి మూటకట్టి సీట్లో వేద్దామంటే తూరుపున ఎర్రగా గోడ లేస్తాంది. కట్టి తయారుగా ఉన్న మూటను నేనే. దూరి, బెల్టు బిగించి, "తొక్కు" అన్నా.

రెండొందల ముప్పై దాకా తొక్కింది. మిడత గీత గీసినట్టు పోయింది. కుడి పక్క ఆకాశం మూసుకుంటా వస్తాంది, ఇసక రవ్వలు అద్దాన్ని కొరుకుతాండాయి, నేను దేవుళ్ళందర్నీ పేరుపేరునా తిడతాండా. అవతల తలుపులో దూరినాక చౌడి నా మెడ పట్టుకుని వదల్లేదు. "నేను భయపడలేదు కదా వదినా?" అంటాంది. లేదే, లేదే తల్లీ, అని వంద సార్లు చెప్పుంటా.

నమోదు 48

వీళ్ళ గుట్ట నెత్తిన కూర్చుని గోడల్ని చూసే మనిషి పేరు దస్తగిరి. ఒకరికిచ్చే నీళ్ళను ఇద్దరికి సర్ది పోస్తాండారు, ఆయన తన చెంబులోంచి కూడా రవంత వంచుతాడు. మంచోడు. అందుకే చెప్పాల్సింది చౌడి లేనప్పుడు నాకొక్కదానికే చెప్పినాడు.

"అక్కా, రెండు గోడలూ దగ్గరికొచ్చేసినాయి. వచ్చే సందు పోయినదానికంటే కురచ. దాని తర్వాత సందు ఉంటదని నేను అనుకోను."

"ఎప్పటికీనా?"

"మా తాత కాలంలో గోడలే లేవంట. మళ్ళీ ఎప్పుడు విడిపోతాయో నాకేం తెలుసు."

ఆ పొద్దు నుంచి బండి కింద పండుకునే ఉన్నా. వెనక రెక్క ఊడబీకినా. ఊడదీయగలిగినవన్నీ ఊడదీసినా, అద్దాలు, మెత్తలు, వెనక మూత. ఎట్ల చూసినా ఒకటే జవాబు వస్తాంది. డ్రమ్ము తోకలో పెడితే ముక్కు లేస్తుంది, చౌడి పోతుంది. ముక్కు దగ్గర ఇరుసూ స్టీరింగూ తప్ప చోటు లేదు. డ్రమ్మును ఒళ్ళో పెట్టుకుంటానంటే అది నాకంటే లావు, పైగా ఇద్దరమూ డ్రమ్మూ అయితే మిడత ఆ కురచ సందులో మైదానం దాటదు. డ్రమ్ము వదిలి ఇద్దరం పోతే ఊరు ఆ బోరు నీళ్ళే తాగాల, ఇంక ఎప్పటికీ అవే తాగాల.

ఆ సీటు ఒక్కటే. దాంట్లో నేనన్నా ఉండాల, డ్రమ్మన్నా ఉండాల. ఖాళీగా ఉంచితే చౌడి బతకదు.

నమోదు 49

పంపించేసినా.

డ్రమ్మును సీట్లో దింపి, బెల్టులు అడ్డంగా నిలువుగా వేసి నేనే బిగించినా. చౌడి పక్కన నిలబడి చూస్తాంది. "నువ్వు రాకుండా నేనెట్ల పోయేది? మా అన్న నన్ను ఇంట్లోకి రానిస్తాడా?" అనింది.

"మీ అన్నకు చెప్పు, రెండు నెలలు నా నోరు లేకుండా హాయిగా ఉండమని. వచ్చే సందులో నా అంత బరువు ఇసక మూట వేసుకుని వచ్చి నన్ను తీసుకుపో."

"నీ అంత ఇసక మా గుట్టలో లేదు" అనింది. నవ్వింది. నేనూ నవ్వినా. దేవుడా, ఎట్ల నవ్వినానో.

ఖాళీ సీటుతో ఎప్పుడూ తొక్కొద్దని దానితో మూడుసార్లు చెప్పించుకున్నా. అప్పజెప్పిన పాఠంలాగ చెప్పింది. ఇంక ఏదో చెప్పాలనిపించింది గానీ, గోడల సంగతి తెలిస్తే అది కదలదు. డ్రమ్ము దించి నన్నెక్కిస్తుంది. నాకు తెలుసు దాన్ని, నేనే పెంచినా. అందుకే తల మీద ఒకటి కొట్టి, "పో, సారా కాలిపోతాంది" అన్నా.

దస్తగిరితో కలిసి గుట్ట నెత్తికి ఎక్కినా. బండి చిన్నదైపోతాంది. చౌడి తొక్కడం మొదలుపెట్టింది, శబ్దంలో తెలుస్తాంది. నేను తోకనే చూస్తాండా. ఒక్కసారి కూడా ఊగలేదు. ముక్కు లేవలేదు. దుమ్ములో చుక్కై, చుక్క కూడా పోయేదాకా తిన్నగానే పోయింది.

తర్వాత రెండు పక్కల నుంచీ గోడలు వచ్చి కలుసుకున్నాయి. వేరేటప్పుడు మధ్యలో సన్నగా ఒక గీత మిగిలేది. ఈసారి మిగల్లేదు. దస్తగిరి నా వైపు చూడకుండా ఆకాశం వైపే చూస్తా, "చేరుకునుంటదక్కా, ఆ వేగానికి చేరుకునుంటది" అన్నాడు.

మద్దిలేటి ఈపాటికి తలుపు దగ్గర నిలబడి ఉంటాడు. బండి ఆగంగానే పక్కసీటు వైపే పోతాడు. ఆయనకు సరిగ్గా చెప్పి రాలేదు. నాకు ఇంటికి పోవాలనుంది. పిచ్చిపట్టినట్టు పోవాలనుంది.

కిందికి దిగినాక దస్తగిరి చెంబుతో నీళ్ళిచ్చి, అన్నం తింటావా అక్కా అని అడిగినాడు. వద్దన్నా. మీ ఊర్లో పాడైపోయిన మోటారో, తిరగని గిలకో ఏదైనా ఉంటే చూపించు, ఇప్పుడే చూపించు అన్నా. ఆయన నన్ను లోపలికి తీసుకుపోతాండాడు, నేను ఏడుస్తానే ఎంట నడిచినా.